పదమూడు చుక్కలు

జెబెల్ అలీకి అప్పటికింకా ఓడలు రావడం లేదు. ఓడలు నిలవడానికి తవ్వుతున్న గొయ్యి మాత్రం ఉంది. ఆ గొయ్యికి కాస్త ఎడంగా, రేవు పెద్దలు కాపురముండబోయే ఇళ్లకు తలుపులూ కిటికీలూ చేసే పొడవాటి రేకుల షెడ్డు ఉండేది. జాయినరీ అనేవాళ్లు దాన్ని. షెడ్డుకు ఆనుకుని స్టోరు. స్టోరు కిటికీ దగ్గర నిలబడి, వచ్చినవాడికి సుత్తో ఉలో అందించడం, సాయంత్రం తిరిగొచ్చినవాటిని గూళ్లలో సర్దడం, ఇదీ ఆ చలికాలం వడ్ల ఆశన్న చేస్తున్న పని.

నిజానికి అది అతని పని కాదు. మెట్‌పల్లి దగ్గరి పల్లెలో తండ్రి బ్రహ్మయ్య చేతికింద నాగళ్లు, బండిచక్రాలు, దర్వాజలు చేస్తూ పెరిగిన వడ్రంగి. దుబాయ్ వచ్చాక రెండేళ్లు కాంక్రీటు పోయడానికి ప్లైవుడ్ పలకలు బిగించాడు. పొద్దున మేకులు కొట్టడం, నాలుగు రోజులయ్యాక అవే మేకులు పీకడం. వడ్లవాడికి ఇదేం పని అని మొదట్లో మనసు చివుక్కుమనేది. తర్వాత అలవాటైపోయింది. రెండు నెలల కిందట ఓ మధ్యాహ్నం కరెంటు రంపం మీద పలక కోస్తుంటే చెక్కలో ముడి తగిలి పలక ఎగిరింది. దాన్ని అదిమిపట్టబోయిన ఎడమచెయ్యి రంపం మీద పడింది. చిటికెన వేలు మొదలంటా పోయింది.

గాయం మానింది. మానిన వారానికి ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. స్టోర్ కీపర్ హయాత్ బాషా కడప మనిషి, ఇంగ్లీషు చదవగలడు. కళ్లద్దాలు సర్దుకుని రెండుసార్లు చదివాడు. తర్వాత మెల్లగా విడమరిచి చెప్పాడు. నీ వీసా మీద కార్పెంటర్ అని ఉంది. నెలాఖరులోగా ఎవరైనా ఫోర్‌మన్ ఈ మనిషి కార్పెంటర్ పనికి పనికొస్తాడని సంతకం పెడితే ఉంటావు. పెట్టకపోతే టికెట్ కొనిచ్చి పంపించేస్తారు. పలకలు కొట్టించే ఫోర్‌మన్‌ను హయాత్ బాషాయే వెళ్లి అడిగొచ్చాడు. ఆయన చెయ్యి తిప్పి ఖలాస్ అన్నాడట.

ఆశన్న మాట్లాడేదే తక్కువ. అతన్ని భయపెట్టింది టికెట్ కాదు. స్టోరులో ఎవరూ లేనప్పుడు ఒకసారి ఉలి చేతబట్టి చూశాడు. ఎడమచేతిలో ఉలి నిలవాలంటే కిందివైపు గట్టిగా కాచుకునేది చిటికెన వేలే. అన్నేళ్లూ ఆ సంగతి అతనికి తెలియనే తెలియదు. వేలు పోయాక తెలిసింది. సుత్తి దెబ్బ పడగానే ఉలి పక్కకు ఒరిగి చెక్కను చీల్చింది. చీలిన ఆ ముక్కను ఎవరి కంటా పడకుండా పొట్టు బస్తాలో కుక్కేశాడు. ఊరికి పోవచ్చు, పోయి చేసేదేమిటి? ఉలి నిలవని చెయ్యి జెబెల్ అలీలో అయినా ఒకటే, మెట్‌పల్లిలో అయినా ఒకటే. భార్య కొమురవ్వకు రెండు ఉత్తరాలు రాశాడు గాని రెండింట్లోనూ వేలి ఊసు లేదు.

చేతకాని పని ఎలాగూ చేతకాదు, చేతనైంది చేద్దామని ఉలులకు పదును పెట్టడం మొదలుపెట్టాడు. ఎవరూ చెప్పలేదు. మొద్దుబారి తిరిగొచ్చిన ప్రతి ఉలినీ సానరాయి మీద నీళ్లు చల్లి నూరి, తోలు మీద రుద్ది గూట్లో పెట్టేవాడు. నూరడానికి రెండు చేతుల బొటనవేళ్లూ చూపుడువేళ్లూ చాలు. జాయినరీలో పాలిష్ పనిచేసే త్రిమూర్తులు అతని గదిలోనే ఉంటాడు, రాజోలు వైపు మనిషి. వారం రోజుల్లో షెడ్డంతా గడ్డాలు గీసుకోడానికి బ్లేడ్లు కొనడం మానేసిందని వేళాకోళం చేశాడు.

ఆ ఉలులను పట్టించుకున్న మనిషి ఇంకొకాయన ఉన్నాడు. జాయినరీ ఫోర్‌మన్ షెన్. హాంకాంగ్ నుంచి వచ్చిన చీనా ఆయన. యాభై దాటాయి, పొట్టి మనిషి, కళ్లద్దాలు దారం కట్టి మెడలో వేలాడేసుకుంటాడు. సైట్లలో పదేళ్లుండి నేర్చిన హిందీ నాలుగు మాటలు వచ్చు, ఆ నాలుగూ కూడా వాడడు. పనివాళ్లు మూగ ముదీర్, అంటే మూగ మేనేజరు, అనేవాళ్లు. ఆయన ఒక పొద్దున స్టోరు కిటికీ దగ్గరికొచ్చి అరంగుళం ఉలి తీసుకుని, ముంజేతి వెంట్రుకల మీద ఒక్కసారి గీశాడు. చర్మం నున్నగా తేలింది. ఉలి వంక, ఆశన్న చేతి వంక చూసి వెళ్లిపోయాడు. మర్నాడు తన క్యాబిన్‌కు పిలిపించాడు.

మేజా మీద నల్లటి పొడవాటి వస్తువొకటి గుడ్డమీద పడుకోబెట్టి ఉంది. నాలుగడుగులకు కాస్త తక్కువ. పైచెక్క మధ్యలో ఉబ్బి ఇంటికప్పులా రెండు వైపులకూ వాలింది. అడుగుచెక్క బల్లపరుపు. రెంటి మీదా లక్కలాంటి దట్టమైన పూత. తంతులు లేవు. అవి పక్కన కాగితంలో చుట్టలు చుట్టి ఉన్నాయి, ఏడు. ఇనుపతీగలు కావు, మెలిపెట్టిన పట్టు. ఆశన్న అడగకుండానే చేత్తో తట్టి చూశాడు. పైచెక్క తేలికపాటిది, అడుగుది బరువైన జాతి. ఒకవైపు అంచున రెండు చెక్కల అతుకు జానెడు మేర విచ్చుకుని, గోరు దూరేంత సందు పడింది. బయట సముద్రపు చెమ్మ, లోపల ఏసీ పొడిగాలి. వేసవంతా ఆ రెంటి మధ్య నలిగి, అతికించిన సరేసు వదిలేసిందని అతనికి అర్థమైంది.

షెన్ దాన్ని ఛిన్ అన్నాడు. వాళ్ల దేశపు పాత వాయిద్యమట, మే నెల నుంచి మాట పడిపోయిందట. తాను బనియాస్‌లో కొత్త ఇళ్లకు తలుపులు బిగించడానికి ఎనిమిది రోజులు వెళ్తున్నాడు. ఆ లోపల అతుకు మూయాలి. ఆయన చెప్పింది అంతే.

"జోడ్ బంద్ కరో," అన్నాడు. నెలాఖరు కాగితం సంగతి తనకు తెలుసన్నట్టు ఆశన్న ఎడమచేతి వైపు గడ్డంతో చూపి, "ఫిర్ దేఖేంగే," అన్నాడు.

తర్వాత చూద్దాం. ఆ మాటను ఆశన్న మూటగట్టుకుని తెచ్చుకున్నట్టు స్టోరుకు తెచ్చుకున్నాడు.

అతుకు మూయడానికి మూడు రోజులు పట్టింది. పాత సరేసును సన్నటి చాకుతో గీకి తీశాడు. నీళ్ల గిన్నెలో చిన్న గిన్నె పెట్టి కొత్త సరేసు కరిగించి, కోడి ఈకతో సందులోకి పట్టించి, లక్కకు గాటు పడకుండా గోనెపట్టీలు మడిచి వేసి క్లాంపులు బిగించాడు. ఒక్కసారే బిగించేయలేదు. గంటకోసారి వచ్చి పావుచుట్టు, ఇంకో పావుచుట్టు. మూడో రోజు క్లాంపులు విప్పితే అతుకు ఎక్కడుందో వేలికి తగల్లేదు.

అక్కడితో ఆగి ఉంటే పని అయిపోయేది.

తుడుస్తుంటే అతని కళ్లు ఒక అంచు వెంబడి వరుసగా పొదిగిన తెల్లటి చుక్కల మీద పడ్డాయి. ముత్యపుచిప్పతో చేసిన గుండ్రటి చుక్కలు, పదమూడు. ఆ చుక్కల ఎదురుగా, తంతులు పోయే మేర, లక్క అక్కడక్కడా అరిగి సన్నటి మెరుపు తేలింది. చాలాసేపు చూశాడు. చిన్నప్పుడు జగిత్యాల నుంచి ఒక పాట పంతులు ఎద్దుబండిలో తెచ్చిన వీణ గుర్తొచ్చింది. దాని మెట్లు ఊడిపోతే తండ్రి వారం రోజులు కూర్చుని మైనంలో ఒక్కొక్కటే తిరిగి నిలబెట్టాడు. మెట్లు లేకుండా తంతుల వాయిద్యం ఎలా ఉంటుంది? దీనివీ ఊడిపోయినట్టున్నాయి, చుక్కలు వాటి చోట్లు. ముసలాయన పాపం మెట్లు లేకుండానే ఇన్నాళ్లూ ఏదో తంటాలు పడ్డాడు. అతుకు ఒక్కటే ఎందుకు అడిగాడు? ఈ నాలుగు వేళ్ల చెయ్యి అంతకుమించి చేయగలదని నమ్మక.

ఒక్క సంగతి మాత్రం అతని కంట్లో నలుసులా తిరిగింది. వీణ మెట్లు ఒక కొసన ఎడంగా మొదలై రెండో కొసకు పోనుపోను దగ్గరవుతాయి. ఈ చుక్కలు అలా లేవు. నడుమ ఎడంగా ఉండి రెండు కొసల్లోనూ దగ్గరపడ్డాయి. అన్నిటికన్నా పెద్ద చుక్క సరిగ్గా నడుమ ఉంది. ఇదేం లెక్క అని ఒక పూట ఆలోచించాడు. చీనా వాళ్ల పద్ధతి వేరేమో అనుకున్నాడు. ఆలోచన ఆగినచోట ఆశ మొదలైంది. ఇవి నిలబెడితే సంతకం ఎవరూ అడగనక్కర్లేదు.

తలుపుల పనిలో మిగిలిన శీషం చెక్క ముక్కలు ఏరాడు. మిగిలిన నాలుగు రోజులూ స్టోరు వెనక పీట వేసుకుని, చిటికెన వేలు లేని చేత్తో ఉలి పట్టడం మళ్లీ మొదటినుంచి నేర్చుకున్నాడు. ఉంగరపు వేలిని కిందికి జార్చి, అరచేతి మడమను చెక్కకు ఆనించి పడితే ఉలి ఒరగడం లేదు. మొదటి రోజు రెండు ముక్కలు పాడయ్యాయి. రెండో రోజు ఒకటి. ఆ తర్వాత పాడవలేదు. తంతి పోయే ఎత్తు తెలియడానికి ఈ కొస నుంచి ఆ కొసకు దారం లాగి కట్టి, దారానికీ మెట్టుకూ నడుమ వడ్లగింజ దూరేంత ఎడం ఉండేట్టు పదమూడింటినీ అరగదీశాడు.

త్రిమూర్తులు పాలిష్ గుడ్డ భుజాన వేసుకుని వచ్చి చూశాడు.

"ఏంటయ్యా ఇది? ఆయన అతుకు మూయమన్నాడా, మెట్లు కట్టమన్నాడా?"

"ఊడిపోయినయి. నిలబెడుతున్న."

"ఊడిపోయినియ్యని ఆయన చెప్పాడా?"

"ఆయనేం చెప్తడు. సూస్తె ఎర్కయితలేదా."

"మా రాజోల్లో మేష్టారి వీణకి ఇరవై నాలుగు ఉండేయి. నీ లెక్క పదమూడే."

"గిది చీనాది."

"చీనావోళ్లకి వేళ్లు తక్కువేంటి," అని నోరు జారి, ఆశన్న చెయ్యి చూసి త్రిమూర్తులు నాలిక్కరుచుకున్నాడు. ఆశన్న తలెత్తకుండానే నవ్వాడు. దెబ్బ తగిలాక అతను నవ్వడం అదే మొదలు. త్రిమూర్తులు పక్కన చతికిలబడ్డాడు. చెప్పిన పని చేసి ఊరుకుంటే పోయేదేమీ లేదని, చెప్పని పని చేస్తే మెచ్చుకున్నవాడిని తానింతవరకూ చూడలేదని నెమ్మదిగా అన్నాడు. ఆశన్న వినలేదు. చివరకు త్రిమూర్తులు, కనీసం సరేసు పెట్టి అతికించవు కదా అని అడిగాడు. దానికి మాత్రం ఆశన్న చేతిలో పని ఆపి చూశాడు.

"సరేసు ఎట్ల వెడ్తరు? మా నాయిన మైనంలనే నిలవెట్టెటోడు. వాయించెటోడు తన చెవితోని జరుపుకోవాలె గద."

హయాత్ బాషా దగ్గర కొవ్వొత్తులు లేవు గాని త్రిమూర్తులు దగ్గర పాలిష్‌కు వాడే తేనెమైనం ఉంది. సణుగుతూనే తెచ్చిచ్చాడు.

ఛిన్‌ను పెట్టి షెన్ అప్పగించిన పెట్టెలో ఒక పుస్తకం కూడా ఉంది. దారంతో కుట్టిన పలచటి కాగితాలు, బ్రష్షుతో రాసిన నల్లటి రాత. తడి తగలకుండా పక్కన పెట్టబోతూ ఆశన్న తెరిచి చూశాడు. ఒక్కో అక్షరం ఒక్కో చిన్న ఇల్లులా ఉంది, పైన కప్పు, కింద గది, గది లోపల ఇంకేదో. ఏదీ అర్థం కాలేదు. కొన్నింటి లోపల మాత్రం అడ్డంగా ఒక గీత, కొన్నింటిలో రెండు, కొన్నింటిలో మూడు. దర్వాజ చేసేటప్పుడు ఏ కమ్మీ ఏ బెజ్జంలో దూరాలో తెలియడానికి తానూ అలాగే గీస్తాడు. ఒక గీత ఉన్నదాంట్లోకి ఒక గీత ఉన్నది. ఈ రాసినాయన ఎవరో వడ్లాయన అయి ఉంటాడని నవ్వుకుని మూసేశాడు.

షెన్ ఎనిమిదో రోజు మధ్యాహ్నం వచ్చాడు. ఛిన్ పైన గుడ్డ కప్పి మేజా మీద సిద్ధంగా ఉంది. ఆశన్న గుమ్మం దగ్గర నిలబడ్డాడు. షెన్ కళ్లద్దాలు పెట్టుకుని ముందు అతుకు చూశాడు. వేలితో అంచంతా తడిమి, తల ఊపాడు. తర్వాత దాన్ని తిప్పి, గుడ్డ తీసి, మెట్లు చూశాడు.

ఆయన మొహంలో రంగు మారలేదు. ఊపిరి మాత్రం కాసేపు ఆగింది. అది ఆశన్నకు కనిపించింది. షెన్ గోడకు వేలాడుతున్న స్టీలు బద్ద తీసి పదమూడు మెట్ల మీదా నిలువుగా ఆనించి, కిటికీ వైపు తిరిగి కింద వెలుతురు కనిపిస్తుందేమోనని వంగి చూశాడు. ఎక్కడా వెలుతురు రాలేదు. బద్ద తిరిగి గోడకు పెట్టాడు. కుర్చీలో కూర్చున్నాడు. మెచ్చుకోలా, కోపమా, ఏదీ తెలియని గొంతుతో ఒక్క మాట అన్నాడు.

"యే నహీఁ."

ఇది కాదు. తర్వాత చేత్తో తలుపు చూపించాడు.

ఆ పూటా మర్నాడూ ఆశన్న తలెత్తకుండా ఉలులు నూరుతూనే ఉన్నాడు. త్రిమూర్తులు నేను చెప్పలేదా అనలేదు. గ్లాసులో చాయ్ పోసి తెచ్చి పక్కన పెట్టి పోయాడు. నెలాఖరు ఇంక ఐదు రోజులుంది. హయాత్ బాషా కాగితాన్ని గూట్లోంచి తీసి మళ్లీ గూట్లోనే పెట్టాడు. ఆశన్నకు తన తప్పు ఇంకా అంతుపట్టలేదు. మెట్లు వంకర పోలేదు, ఎత్తుపల్లాలు లేవు. చుక్కల మీద వెంట్రుకవాసి తేడా లేదు. మరి ఏది కాదు? తెలియని తప్పు మోయడం తెలిసినదానికన్నా బరువుగా ఉంది.

శుక్రవారం మిషన్లన్నీ ఆగిపోతాయి. ఆ పొద్దున గదికి కబురొచ్చింది. హయాత్ బాషాను కూడా రమ్మన్నారు, మాట తెలియజెప్పడానికి. క్యాబిన్‌లో షెన్ బనీను మీద ఉన్నాడు. మేజా మీద ఛిన్, పక్కన తెరిచిన పుస్తకం, ఒక పెన్సిలు, ఒక చెక్కముక్క. ఆశన్నను కుర్చీలో కూర్చోబెట్టాడు.

షెన్ చెక్కముక్క మీద పెన్సిలుతో ఒక గీత గీసి, దీనితో ఏం చేస్తావని సైగ చేశాడు. ఆశన్న రంపంతో కోసినట్టు చెయ్యాడించాడు. గీత మీదనా? కాదు, గీత పక్కన. గీతను ఉంచి కోస్తాడు. గీత కోయడానికి కాదు, చూసుకోవడానికి. షెన్ ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు ముందుకు వంగి, పెన్సిలు కొసతో ముత్యపు చుక్కను తాకాడు. ఆశన్న చుక్క వంకా, గీత వంకా చూశాడు. అతని చెవులు వేడెక్కాయి.

హయాత్ బాషా మధ్య మధ్య అందుకుంటూ ఉండగా షెన్ పుస్తకంలో ఒక అక్షరం చూపించాడు. పై కప్పులో ఎడమవైపున్నది ఎడమచేతి వేలి పేరు. దాని పక్కన అంకె, ఎన్నో చుక్క దగ్గర నొక్కాలో. కింది గది కుడిచేతి దెబ్బ, వేలు లోపలికి లాగాలా బయటికి తోయాలా. గది లోపలి గీతలు ఎన్నో తంతి అన్నది. తర్వాత ఇంకో అక్షరం. దానిలో చుక్క అంకె కింద మరో అంకె ఉంది. ఏడో చుక్క దాటి, ఏడుకూ ఎనిమిదికీ నడుమను పది భాగాలు చేస్తే అందులో ఆరో భాగం దగ్గర. అక్కడ చుక్క లేదు. అక్కడ మెట్టు పెట్టినా ఇంకో పాటకు అడ్డమవుతుంది. సగం పాట చుక్కల నడుమనే ఉందట. వేలు తంతి మీదనుంచి లేవకుండా ఒకచోట నుంచి ఇంకోచోటికి జారాలట.

"జారాల," అని ఆశన్న తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. మెట్లు ఉంటే వేలు జారదు, దేకుతుంది.

ఆ తర్వాత ఎవరూ ఏమీ చెప్పనవసరం లేకపోయింది. చాకును వేడినీళ్లలో ముంచి తుడిచి, మొదటి మెట్టు అడుగున మెల్లగా దూర్చాడు. మైనం మెత్తబడి మెట్టు చేతిలోకి వచ్చింది. పదమూడూ వచ్చాయి. మెత్తటి గుడ్డతో మైనం తుడిచేస్తే కింద లక్క మీద చిన్న గీతైనా లేదు. షెన్ వంగి, వెలుతురుకు పట్టి, అటూ ఇటూ తిప్పి చూశాడు. నోట్లోంచి గట్టిగా గాలి వదిలాడు. ఎనిమిదో రోజు ఆగిన ఊపిరి అప్పుడు వదిలాడేమో అనిపించింది.

ఇవి సరేసుతో అతికించి ఉంటే ఏమయ్యేదని హయాత్ బాషాతో అడిగించాడు. ఆశన్న తండ్రి సంగతి చెప్పాడు. వాయించేవాడి చెవిని బట్టి జరగాల్సిన వస్తువును వడ్లవాడు బిగించకూడదని ఆయన అనేవాడని. హయాత్ బాషా దాన్ని హిందీలోకి తిప్పేసరికి కాస్త పొడుగైంది. షెన్ వింటూ తంతులు ఎక్కించాడు, ఒక్కొక్కటే లాగి అడుగునున్న కాళ్లకు చుట్టి. తర్వాత లేచి ఏసీ ఆపేశాడు.

ఏసీ ఆగాకే తెలిసింది ఎందుకు ఆపాడో. ఛిన్ చాలా చిన్నగా మాట్లాడుతుంది. వేలు తగలని తంతిని మీటితే, పెద్ద గంట మోగి అయిపోయాక గాలిలో మిగిలే మోతలా లోతుగా పలికింది. ఎక్కడా జిర్రుమనలేదు. అతుకు పట్టింది. చుక్క ఎదురుగా వేలిని నొక్కకుండా ఊరికే తాకించి మీటితే, ఇత్తడి చెంబు అంచును గోటితో తట్టినట్టు సన్నగా, దూరం నుంచి వచ్చింది. ఆ మాట పలికించడానికి చుక్క ఉండాల్సిందే, వెంట్రుకవాసి తప్పినా పలకదు. ఇక నొక్కి జార్చినప్పుడు మనిషి గొంతు. పట్టు మీద వేలు రాసుకునే చప్పుడుతో సహా. చిత్రిక పట్టే రందా పొడుగ్గా పోయి చెక్కనుంచి పొట్టు తెగకుండా చుట్టలు చుట్టుకుంటూ లేస్తుందే, ఆ చప్పుడు ఆశన్నకు గుర్తొచ్చింది. మేకులు కొట్టిన రెండేళ్లలో అతను ఆ చప్పుడు వినలేదు. ముగ్గురికీ చెమటలు కారుతున్నాయి, ఏసీ వేయమని ఎవరూ అడగలేదు.

షెన్ ఆపాక ఆశన్నకు ఒక సందేహం వచ్చింది. ఈ అక్షరానికీ ఆ అక్షరానికీ నడుమ ఎంతసేపు ఆగాలో ఎక్కడ రాసి ఉందని అడిగించాడు. షెన్ రాసి లేదన్నాడు. ఎప్పుడూ రాయలేదట. చేతులు ఎక్కడ పెట్టాలో రాస్తారు, ఎంతసేపన్నది వాయించేవాడు వెతుక్కోవాలి. ఈ పుస్తకం ఆయన గురువు రాసిచ్చింది. గురువు పోయి ఇరవై ఏళ్లు. చివరి పాట మాత్రం గురువు వాయించగా వినలేదు, ఇంకా వెతుకుతూనే ఉన్నాడు.

రెండో సందేహం అడగడానికి హయాత్ బాషా అవసరం లేకపోయింది. ఆశన్న పుస్తకంలో వేళ్ల పేర్లను ఒక్కొక్కటే చూపిస్తూ తన ఎడమచేతి వేళ్లు ఒక్కొక్కటే ఎత్తాడు. బొటనవేలు, ఉంది. చూపుడు, ఉంది. నడిమిది, ఉంది. ఉంగరపుది, ఉంది. ఆ పైన ఎత్తడానికి వేలు లేదు. ఖాళీ అయిన చోటును కుడిచేతి వేలితో తాకి షెన్ వంక చూశాడు.

షెన్ పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా బొటనవేలితో ఫర్రున తిప్పాడు.

"కితాబ్ మే నహీఁ," అన్నాడు. పుస్తకంలో చిటికెన వేలికి అసలు గుర్తే లేదు. ఛిన్‌కు ఆ వేలు అక్కర్లేదు, తగలనివ్వరు కూడా. తన రెండు చేతుల చిటికెన వేళ్లనూ పైకి ఎత్తిపెట్టి చూపించాడు. వాయిస్తున్నంతసేపూ అవి అలాగే పనిలేకుండా నిలబడి ఉన్నాయని ఆశన్నకు అప్పుడు గుర్తొచ్చింది.

షెన్ లేచి తన చోట ఆశన్నను కూర్చోబెట్టాడు. ఒక్క అక్షరం మీద పెన్సిలు పెట్టాడు. ఆశన్న చదివాడు. పైన ఉంగరపు వేలు, పదో చుక్క. కింద, కుడిచేతి నడిమి వేలు లోపలికి లాగాలి. గదిలో మూడు గీతలు. ఉలి కోసం కొత్తగా కిందికి జారడం నేర్చిన ఉంగరపు వేలు పట్టుతంతి మీద ఆనింది. మొదటిసారి ఠప్‌మని చచ్చిన చప్పుడొచ్చింది. రెండోసారి సణిగింది. మూడోసారి పలికింది. పలికినదాన్ని అతను వెంటనే వదల్లేదు. అది సన్నబడి, ఇంక ఉందో లేదో తెలియని దాకా వేలు తీయకుండా కూర్చున్నాడు. షెన్ కూడా తొందరపెట్టలేదు.

"వడ్లాయన బానే మీటినాడే," అని హయాత్ బాషా తెలుగులో మెల్లగా అన్నాడు.

కాగితం మీద సంతకం ఆ మధ్యాహ్నమే పడింది. సంతకానికి ముందు ఫోర్‌మన్ అభిప్రాయం రాయమని రెండు లైన్ల ఖాళీ ఉంది. షెన్ గోడ మీది స్టీలు బద్ద తీసి, ఊడదీసిన మెట్లను మేజా మీద నిలబెట్టి, బద్ద వాటి మీద పెట్టి, హయాత్ బాషాను వంగి వెలుతురు చూడమన్నాడు. వెలుతురు లేదు. అప్పుడు రాశాడు. హయాత్ బాషా చదివి చెప్పాడు, చెయ్యి సరిగ్గా ఉంది, పని మొదలుపెట్టే ముందు అడిగి తెలుసుకోవాలి అని. ఆ రెండో ముక్క విని త్రిమూర్తులు రెండు రోజులు నవ్వాడు. మెట్లు పదమూడూ షెన్ తన సొరుగులోనే వేసుకున్నాడు, తిరిగివ్వలేదు.

శనివారం పొద్దున ఆశన్న జాయినరీలో కిటికీ వైపు మూడో బల్ల దగ్గర నిలబడ్డాడు. మొదటి పని ఒక తలుపు చట్రం. కమ్మీల మీద ఒక గీత, రెండు గీతలు, మూడు గీతలు గీసుకున్నాడు. ఉలి పట్టాడు. ఉంగరపు వేలు తన కొత్త చోటికి తానే జారింది. దెబ్బకూ దెబ్బకూ నడుమ కాస్త ఆగుతున్నాడని పక్క బల్ల మలబారీ ఆయన చూసి, ఏం, నొప్పా అని అడిగాడు. కాదని తల ఊపాడు. చెక్క ఏమంటుందో విని తర్వాతి దెబ్బ వేస్తున్నాడు. తండ్రి అలాగే చేసేవాడు. మేకులు కొట్టే పనిలో అది మరిచిపోయాడు.

ఆ సాయంత్రం ఉత్తరం రాయడానికి కూర్చున్నాడు. త్రిమూర్తులు మంచం మీద పడుకుని, ఈసారైనా రాస్తావా అని అడిగాడు. రాస్తానన్నాడు. కొమురవ్వకు రాసిన ఉత్తరంలో క్షేమసమాచారాల తర్వాత ఇలా ఉంది:

"నా ఎడమచేతి చిటికెనేలు రంపంల పడి పోయింది. రెండు నెలలైంది. భయపడకు, మానింది. మళ్ల వడ్లపనిల పడ్డ. ఈడ ఒక చీనా సారు ఉన్నడు. ఆయన దగ్గర ఒక వాయిద్యం ఉంది."

ఆ తర్వాత మూడు లైన్లు ఆ వాయిద్యం గురించి రాసి, చదువుకుని, కొట్టేశాడు. ఎంత రాసినా ఆమెకు వినబడదు. వచ్చినప్పుడు నోటితో చెప్పాలి. అదీ ఆగాల్సినచోట ఆగుతూ చెప్పాలి. కొట్టేసిన లైన్ల కింద మళ్లీ రాశాడు:

"మా నాయిన సన్న ఉలి అటక మీద ఉంది. దానికి ఆముదం రాసి గుడ్డల చుట్టిపెట్టు. తుప్పు పట్టనియ్యకు. వచ్చినంక నాకు దానితోని పనుంది."